చూపించే బాత్రూం

శనివారం ఆఖరి బెల్లు కొట్టగానే పిల్లలు ఇళ్ళకు పరుగెత్తేవారు. మేము మాత్రం ఒకటో తరగతి గదిలో చేరి, ఆ పొట్టి బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవాళ్ళం. కాసేపటికి పెద్ద మేడం, అంటే మా స్కూలు హెడ్‌మిస్ట్రెస్, చేతిలో ఒక కాగితంతో వచ్చేది. ‘స్టాఫ్ అప్‌డేట్స్’ అని ఆవిడ దానికి పెట్టుకున్న పేరు. అందులో ఎప్పుడూ మూడే ముక్కలు: స్కూల్లో వసతులు, పిల్లల ప్రవర్తన, సామాన్లు. ముందు ఇంగ్లీషులో చదివేది. మా మొహాలు చూసి మళ్ళీ తెలుగులో చెప్పేది. చివర్లో అందరం కింద సంతకాలు పెట్టాలి. పెట్టేదాకా గేటు తెరిచేవాళ్ళు కాదు కాబట్టి ఎవరూ నోరు తెరిచి ప్రశ్న అడిగేవాళ్ళు కాదు.

ఆ కాగితాలు ఇప్పుడు తలుచుకున్నా నాకు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. అతిశయోక్తి కాదు. దేవుడు నాకు మిగతావన్నీ అంతంతమాత్రంగా ఇచ్చినా ముక్కు మాత్రం గట్టిదిచ్చాడు. ఆ స్కూలు మొత్తం నాకు ముక్కుతోనే గుర్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళే పెద్ద రోడ్డుకు వెనక సందులో ఉండేది మా స్కూలు. నర్సరీ నుంచి అయిదో తరగతి దాకా. ఎవరో తమ కుటుంబం కోసం కట్టుకున్న మూడంతస్తుల ఇల్లు అది. కిరాయికి తీసుకుని, ముందు ఒక బోర్డు పెట్టి, గోడల మీద కుందేళ్ళూ ఏనుగులూ వేయించి స్కూలన్నారు. బెడ్‌రూం రెండో తరగతి, వంటగది స్టాఫ్‌రూం, కారు పెట్టుకునే చోట ప్రార్థన. ఇంట్లో నలుగురి కోసం కట్టిన బాత్రూముల్లో ఒకటి, మెట్ల కిందిది, స్కూల్లో ఉన్న ఆడపిల్లలందరికీ ఇచ్చారు. మగపిల్లలకు అదీ లేదు, వెనక గోడ ఉంది.

మెట్ల కింది ఆ బాత్రూం గురించి మర్యాదగా రాయడం నాకు చేతకాదు. గడియ ఊడిపోయింది కాబట్టి లోపల ఒకరుంటే బయట ఇంకొకరు తలుపు పట్టుకోవాలి. పొద్దున ఆయా ఒక డ్రమ్ము నీళ్ళు నింపేది, ఇంటర్వెల్ కాకముందే అవి అయిపోయేవి. ఆ తరవాత వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే వదిలేసి వచ్చేవారు. నేల ఎప్పుడూ తడే, ఆ తడి నీళ్ళది కాదు. ఎవరెత్తుకుపోతారనో తెలియదు, మగ్గును మాత్రం కుళాయికి గొలుసేసి కట్టారు. శనివారం పిల్లలకు తెల్ల యూనిఫాం, తెల్ల మేజోళ్ళు, తెల్ల బూట్లు. అవి పాడవుతాయని ఆ రోజు ఒక్క ఆడపిల్ల కూడా అటు తొంగిచూసేది కాదు. పొద్దున్నుంచి బెల్లు దాకా బిగబట్టుకుని కూర్చునేవారు. పెద్ద మేడం ఆ నిశ్శబ్దాన్ని చూసి, శనివారం పిల్లలు చాలా క్రమశిక్షణగా ఉంటారని అప్‌డేట్స్‌లో మెచ్చుకునేది.

మంచి బాత్రూం లేకపోలేదు. మేడమీద, మా రెండో తరగతి పక్కనే ఉంది. నీలం టైల్సు, కమోడ్, అద్దం, కొక్కేనికి ఎప్పుడూ తడవని తువ్వాలు, విప్పని సబ్బు. దానికి తాళం. తాళంచెవి పెద్ద మేడం నడుముకున్న గుత్తిలో. నేను చేరిన కొత్తలో అది ఆవిడ సొంతానికి అనుకున్నాను. కాదు, ఆవిడ కూడా వాడేది కాదు. సందు చివర ఇల్లు కాబట్టి మధ్యాహ్నం ఇంటికి వెళ్ళొచ్చేది.

ఉద్యమం రోజులవి. మర్నాడు బడి ఉంటుందో లేదో ముందు రాత్రి టీవీ చూస్తేగాని తెలిసేది కాదు. బంద్‌లతో పోయిన రోజులకు ఆదివారాలు బడి పెట్టేవారు. స్టాఫ్‌రూంలో సగం మందిమి నల్గొండ వైపు వాళ్ళం, సగం మంది కృష్ణా, గుంటూరు వాళ్ళు. అంతకుముందు ఒకరి డబ్బాలో కూర ఒకరు వేసుకున్నవాళ్ళమే, ఆ రోజుల్లో కిటికీ వైపు మేము, సింకు వైపు వాళ్ళు కూర్చుని తినేవాళ్ళం. రాష్ట్రం సంగతి వచ్చిందంటే గొంతులు సందు చివరికి వినిపించేవి. మెట్ల కింద వాసన మాత్రం రెండు వైపులా ఒకేలా వచ్చేది. దాని గురించి ఏ వైపు నుంచీ ఒక్క గొంతు లేవలేదు.

పిల్లలకు ఈ గొడవలేం పట్టలేదు గాని ఉద్యమం భలే నచ్చింది. దొంగా పోలీసూ ఆట మానేసి రాస్తారోకో మొదలుపెట్టారు. వరండాలో అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, పోలీసులైన వాళ్ళు చంకల కింద చేతులేసి ఈడ్చుకుపోవడం. ఈడ్పించుకోవడానికి పోటీ పడేవాళ్ళు. మా క్లాసులో గుంటూరు నుంచి వచ్చిన వాళ్ళ పాప ఒకతె ఉండేది. గొంతు పెద్దది కాబట్టి అందరూ కలిసి దానికే జై తెలంగాణ అనే పని అప్పగించారు. దానితో పెద్ద మేడం అప్‌డేట్స్‌లో ‘ప్రవర్తన’ ముక్క పొడుగైంది. ఆవరణలో నినాదాలు ఇవ్వరాదు, బైఠాయించే ఆటలు ఆడరాదు, ఆడినవాళ్ళ వివరాలు క్లాసు టీచర్ ఇవ్వాలి. నేనెప్పుడూ ఇవ్వలేదు.

ఇప్పుడు మా క్లాసులోని ఇంకో పిల్ల సంగతి చెప్పాలి, ఇదంతా ఆ పిల్ల కోసమే. నాన్న కొత్తపేట అడ్డాలో ఆటో నడిపేవాడు, అమ్మ ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టేది. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన కుటుంబం. పిల్లకు బడంటే ప్రాణం. ఇంటికెళ్ళాక తమ్ముణ్ణి కూర్చోబెట్టి, నేను చెప్పినవన్నీ నా గొంతుతోనే వాడికి చెప్పేదట, నాలాగే కసిరేదట కూడా. పొద్దున తెచ్చిన నీళ్ళ బాటిల్ సాయంత్రం నిండుగా తిరిగి ఇంటికి పోయేది. నేను గమనించాను గాని, ఎండలు లేవు కదా, దాహం వేయలేదేమో అనుకున్నాను.

పిల్ల వరసగా రాకపోయేసరికి కబురు పెట్టాను. వాళ్ళమ్మ పిల్లను వెంటేసుకుని వచ్చింది. మనిషి మెడ నిండా దారపు పోగులు అంటుకుని ఉన్నాయి, కుట్టు మధ్యలో లేచి వచ్చినట్టుంది.

“టీచరమ్మా, మల్ల జరమొచ్చింది పిల్లకు. దవాఖానకు తీస్కపోతే డాక్టరమ్మ నన్నే తిట్టింది. పొద్దుగాల నుంచి నీళ్ళు తాగుతలేదంట, ఒంటికొస్తె ఆపుకుంటుందంట. గిట్లనే ఉంటె లోపల ఖరాబైతదని చెప్పింది.”

నేను పిల్లను దగ్గరికి తీసుకుని అడిగాను. “నీళ్ళెందుకు తాగుతలేవు బిడ్డా?”

“తాగితే పోవాలె గద టీచర్,” అంది. “పోతే కాళ్ళకంటుతది.”

వాళ్ళమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “మా ఆయన బడి మాన్పియ్యమంటుండు. ఊర్ల మా అత్తకాడికి తోలుతం, ఆడ ఒంటికి పోనీకె చెలకన్న ఉంటదంటుండు. పిల్లేమో టీచరమ్మను ఇడిసి పోనని ఏడుస్తుంది. నేనేం చెయ్యాలె చెప్పు?”

ఊళ్ళోకి పంపితే ఆ పిల్ల చదువు సంగతి ఏమవుతుందో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక వారం ఆగమన్నాను. నేరుగా పెద్ద మేడం గదికి వెళ్ళాను.

“మేడం, పైన బాత్రూం ఆడపిల్లలకు తెరుద్దాం. మా క్లాసు పాపకు ఒంట్లో బాగోలేదు,” అని ఉన్నదున్నట్టు చెప్పాను.

పెద్ద మేడం కోపగించుకోలేదు. ఆవిడ ఎప్పుడూ కోపగించుకునేది కాదు, అది ఇంకా అసహ్యంగా ఉండేది. “అయ్యో, అది చూపించడానికండీ టీచర్, వాడ్డానికి కాదు. ఈ రోజుల్లో అడ్మిషన్‌కి వచ్చిన ప్రతి పేరెంటూ ముందు బాత్రూమే చూపించమంటున్నారు. పిల్లలు వాడేశారనుకోండి, ఇంక మనం చూపించడానికేముంటుంది?”

“మరి చేరిన పిల్లలు ఎక్కడికెళ్ళాలి మేడం?”

“కింద ఉంది కదండీ. మీ పాయింటు మంచిదే, అప్‌డేట్స్‌లో పెడతాను.”

పెట్టింది. ఆ శనివారం పొట్టి బెంచీల మీద కూర్చుని అందరం విన్నాం. వసతులు: పిల్లలు పెద్ద బాటిళ్ళు తెచ్చుకోవడం వల్ల మాటిమాటికీ బయటికెళ్ళి నీళ్ళ కొరత వస్తోంది కాబట్టి ఇకమీదట చిన్న బాటిల్ మాత్రమే తేవాలి. ప్రవర్తన: బడికి వచ్చేముందు, బడి నుంచి వెళ్ళాక ఇంటి దగ్గరే వెళ్ళడం పిల్లలకు అలవాటు చేయాలి. వారంలో తక్కువమంది బయటికెళ్ళిన క్లాసుకు తలుపు మీద బంగారు రంగు స్టార్. సామాన్లు: బాత్రూం మగ్గుకు కొత్త గొలుసు.

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. పిల్ల నీళ్ళు తాగక మంచాన పడిందని చెబితే, మిగతా పిల్లలకు కూడా నీళ్ళు తగ్గించమని కాగితం వచ్చింది. లేచి అదే మాట అన్నాను. స్టాఫ్‌రూంలో కిటికీ వైపు కూర్చునేవాళ్ళు గోడ గడియారం చూశారు, సింకు వైపు వాళ్ళు బ్యాగులు సర్దుకున్నారు. “సంతకం పెట్టెయ్యమ్మా, బస్సులు ఎప్పుడాపుతరో తెల్వదు,” అంది మా వైపావిడ. “స్టార్ ఐడియా బాగుందండీ,” అంది అటువైపావిడ. రాష్ట్రం విషయంలో ఒక్క మాట మీదికి రాని మనుషులు, ఒకే పెన్ను ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని చకచకా సంతకాలు పెట్టారు. కాగితం నా ముందుకు వస్తే పక్కకు తోసేశాను. సోమవారం చూస్తే నా పేరు పక్కన టిక్కు పెట్టి ఉంది. అందరూ చదివినట్టే లెక్క.

ఛీ అనిపించింది. వాళ్ళ మీద, ఆ కాగితం మీద, ఆ బంగారు రంగు స్టార్ మీద.

స్టార్ మాత్రం పిల్లలకు ఎక్కేసింది. ఎవరైనా చిటికెనవేలు చూపించి లేస్తే మిగతావాళ్ళు “స్టార్ పోతది, కూసో” అని గౌను పట్టి లాగేవారు. నేను స్టార్ లేదు ఏం లేదు పొండి అని కసిరేదాన్ని. నా మాట కంటే తలుపు మీది మెరుపు పెద్దదైపోయింది వాళ్ళకు.

ఆ తరవాతి వారంలో బంద్. దిల్‌సుఖ్‌నగర్ పెద్ద రోడ్డు మీద వంటా వార్పూ పెట్టారు. కాలనీల ఆడవాళ్ళందరూ రోడ్డు మధ్యలో రాళ్ళ పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించారు. మా పిల్లల్లో చాలామంది అమ్మల కొంగులు పట్టుకుని వెళ్ళి తినొచ్చారు. బడి తెరిచిన రోజు వాళ్ళ నోట్లో ఇంకో మాట లేదు.

ఆ మధ్యాహ్నం నేను డబ్బా కడుక్కుని పైకి వస్తున్నాను. మేడమీద నీలం టైల్సు బాత్రూం తలుపు ముందు మా క్లాసు ఆడపిల్లలందరూ అడ్డంగా కూర్చుని ఉన్నారు. మూడు చాక్‌పీసు డబ్బాలు పొయ్యిరాళ్ళలా పెట్టి, వాటి మీద తన స్టీలు గిన్నె పెట్టి, మా జ్వరం పిల్ల చెంచాతో కలుపుతోంది. గుంటూరు పాప పిడికిలి ఎత్తింది.

“మాకు గావాలె!”

“బాత్రూం!”

“తాళం తియ్యాలె!”

“తియ్యాలె! తియ్యాలె!”

గుంటూరు పాప ఇంట్లో ‘కావాలి’ అనే పిల్ల. నినాదం అన్నాక అలాగే అనాలని దానికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆపుదామనిపించలేదు. అప్పుడే కింది నుంచి పెద్ద మేడం గొంతు వినిపించింది, “పైన మా వాష్‌రూమ్స్ చూద్దురుగాని రండి” అంటూ. వెనకాల అడ్మిషన్ కోసం వచ్చిన భార్యాభర్తలు.

పెద్ద మేడం మెట్ల మీద ఒక్క క్షణం ఆగింది. తరవాత మొహం నిండా నవ్వు తెచ్చుకుంది. “యాన్యువల్ డేకి డ్రామా ప్రాక్టీస్ చేస్తున్నారండీ మా పిల్లలు.”

వచ్చినాయన మురిసిపోయి చప్పట్లు కొట్టాడు. పెద్ద మేడం గుత్తి తీసి తలుపు తెరిచింది. ఫినాయిలూ కొత్త సబ్బూ కలిసిన వాసన వరండాలోకి వచ్చింది. మా పిల్ల లేచింది. గౌను దులుపుకుంది. నేను నేర్పించిన ఇంగ్లీషులోనే “ఎక్స్‌క్యూజ్‌మీ మేడం” అని అందరి మధ్య నుంచి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. మేమందరం, భార్యాభర్తలతో సహా, బయట నిలబడ్డాం. లోపల నీళ్ళు లాగిన చప్పుడైంది. పిల్ల బయటికి వచ్చేసరికి మిగతావాళ్ళు పొయ్యి ఎత్తేసి లైను కట్టారు. వచ్చినవాళ్ళ ముందు పెద్ద మేడం ఆ నవ్వు అలాగే పెట్టుకుని ఆఖరి పిల్ల దాకా నిలబడింది. ఆ స్కూల్లో నేను కడుపునిండా సంతోషపడ్డది ఆ మధ్యాహ్నమే.

వాళ్ళు గేటు దాటగానే మళ్ళీ తాళం పడింది. మర్నాడు మా పిల్ల నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

“టీచర్, ఇయ్యాల అడ్మిషనోళ్ళు ఒస్తరా?”

ఆ ప్రశ్నకు నాకు ఒళ్ళు మండింది. ఏడేళ్ళ పిల్ల ఒంటికి పోవడానికి ముక్కూమొహం తెలియని వాళ్ళ రాక కోసం ఎదురుచూడాలా? ఆ మంటలోనే ఒక ఆలోచన కూడా వచ్చింది. వాళ్ళు వస్తేనే తలుపు తెరుచుకునేటట్టయితే, వాళ్ళను నేనే తెస్తాను.

మా వదిన అల్మాస్‌గూడలో ఉండేది. చంకలో పిల్లవాడు, నోట్లో ఎప్పుడూ తయారుగా ఉండే మాట. సాయంత్రం వెళ్ళి సంగతంతా చెప్పాను.

“నేనేం అడగాలె ఆడికొచ్చి?” అంది.

“బాత్రూం చూపియ్యమని అడుగు. గంతే. లంచ్ బెల్లప్పుడు రా. జర సేపు నిలబడు.”

వదిన పట్టుచీర కట్టుకుని వచ్చింది. తలుపు తెరిపించి, అద్దం చూసుకుని, కుళాయి తిప్పి, “నీళ్ళు ఎప్పటికొస్తయా మేడం? పిల్లలు పోంగ చూడాలె నాకు” అంది. చూడ్డానికి పిల్లలు తయారుగానే ఉన్నారు. ఎక్స్‌క్యూజ్‌మీ, ఎక్స్‌క్యూజ్‌మీ అంటూ లైను కదిలింది. తరవాత మా ఇంటి పై వాటాలో ఉండే కృష్ణా జిల్లావిడ వచ్చింది. మావాడు ఇలాంటి విషయాల్లో మరీ సున్నితమండీ అని ఆవిడ ఇంకా బాగా సాగదీసింది. వదిన తరఫువాళ్ళు హయత్‌నగర్ నుంచి వచ్చారు. వాళ్ళ పక్కింటివాళ్ళు వచ్చారు. ఎటువైపు వాళ్ళని అడిగినా, సంగతి విని కాదన్నవాళ్ళు లేరు. బంద్ లేని రోజున లంచ్ బెల్లుకు ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడేవారు.

మా పిల్ల నీళ్ళ బాటిల్ ఖాళీగా ఇంటికి పోవడం మొదలైంది. జ్వరం మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మ ఒకరోజు మూరెడు మల్లెపూలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఊరికి పంపే మాట ఆగిపోయిందని అర్థమైంది. సంతోషించాను గాని, లోపల రోత మాత్రం పోలేదు. ఒక పసిపిల్ల చేయాల్సిన మామూలు పనికి ఇన్ని ఊళ్ళ నుంచి మనుషుల్ని పట్టుచీరలు కట్టించి రప్పించాల్సి వచ్చింది, అది ఎంత నీచమైన స్కూలు!

పెద్ద మేడం మాత్రం రోజురోజుకూ వెలిగిపోయింది. బంద్‌ల కాలంలో పక్క స్కూళ్ళకు ఈగలు తోలుకునే పని, మనకు మాత్రం ఇంతమంది వస్తున్నారని మురిసిపోయింది. చేరినవాళ్ళు ఎవరూ లేరే అన్న అనుమానం ఆవిడకు రానేలేదు. ఒక శనివారం కాగితం చదవడానికి ముందే చిరునవ్వుతో మమ్మల్నందర్నీ చూసింది.

వసతులు: అడ్మిషన్ల కోసం వచ్చే తల్లిదండ్రులు బాగా పెరిగారు. కూర్చోబెట్టి మాట్లాడ్డానికి చోటు లేదు. కాబట్టి మేడమీద బాత్రూంను అడ్మిషన్ ఆఫీసుగా మారుస్తున్నాం. అద్దం అలాగే ఉంటుంది. ప్రవర్తన: పిల్లలు అతిథుల ముందు మర్యాదగా ఎక్స్‌క్యూజ్‌మీ అంటున్నారు, అభినందనలు. సామాన్లు: కొత్తది లాంటి కమోడ్ ఒకటి ఉంది, స్టాఫ్‌లో ఎవరికైనా కావాలంటే తీసుకెళ్ళవచ్చు.

అందరూ చప్పట్లు కొట్టారు. కమోడ్ నాకు కావాలని అక్కడికక్కడే ఇద్దరు పోటీ పడ్డారు.

“మరి వచ్చినవాళ్ళు బాత్రూం చూపించమంటే మేడం?” అన్నాను.

“ఫొటో తీయించామండీ. కలర్ ఫొటో. ఫైల్లో పెట్టాం.”

ఆదివారం పనివాళ్ళు వచ్చారు. సోమవారానికి కమోడ్ ఉన్నచోట టేబులు, నాలుగు కుర్చీలు. పిల్లలు ఆ తలుపు తెరిచి ఉండడం చూసి మొదట ఎంతో ఆశగా పరుగెత్తారు. మా పిల్ల లోపలికి తొంగిచూసి, వెనక్కి వచ్చి తన జాగాలో కూర్చుంది. బాటిల్ మూత ఆ రోజు తీయలేదు.

జ్వరం ఈసారి గట్టిగా వచ్చింది. దవాఖానలో రెండు రాత్రులు ఉంచారు. నేను వెళ్ళి చూశాను, సెలైన్ ఎక్కుతోంది, నన్ను చూసి లేవబోయింది. వాళ్ళ నాన్న నన్ను చూసి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

తేరుకున్నాక తల్లి పిల్లను తీసుకుని టీసీ కోసం వచ్చింది. ఊరికి తోలుతున్నారు. ఇలాంటివన్నీ ఇప్పుడు కొత్త ఆఫీసులోనే కదా. పెద్ద మేడం టేబులు వెనక కూర్చుని టీసీ రాస్తోంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పిల్ల గోడల నీలం టైల్సు చూసింది, తువ్వాలు కొక్కెం చూసింది.

“అమ్మా, గిది మా బాత్రూం,” అంది.

“కాదమ్మా, ఇది ఆఫీసు,” అంది పెద్ద మేడం తలెత్తకుండా.

పిల్ల కుర్చీ అంచున కూర్చుని కాళ్ళు ఒకదానికొకటి మెలిపెట్టింది. ఆ మెలికను ఆ స్కూల్లో నేను ఎన్నివందల సార్లు చూశానో. తల్లీ గమనించింది. “పొయ్యేదుందా బిడ్డా?” అంది. పిల్ల తలూపింది.

“కింద ఉంది కదమ్మా,” అంది పెద్ద మేడం. “లేకపోతే ఇంకాసేపట్లో ఇంటికే వెళ్తున్నారుగా. ఇంటి దగ్గర వెళ్తుంది.”

ఆ తల్లి అప్పటిదాకా ఎవరినీ ఒక్క మాట అనలేదు. లేచి నిలబడింది. ఆవిడ మెడ నరాలు ఉబ్బాయి.

“ఎందుకు పోవాలె కిందికి? ఇది బాత్రూమే గద! గీడనే కూసో బిడ్డా. ఈమె టేబులు కింద కూసో. ఎవ్వలేమంటరో నేను చూస్త.”

పెద్ద మేడం పెన్ను జారిపోయింది. నాకు మనసులో కూసో, కూసో అనే ఉంది. నిజంగా ఆ పిల్ల అక్కడే కూర్చుంటే నేనే అడ్డంగా నిలబడేదాన్ని. పిల్ల తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది. కాళ్ళు ఇంకా గట్టిగా బిగించింది.

“ఒద్దమ్మా,” అంది. “టీచర్ క్లాసుకు స్టార్ పోతది.”

తల్లి టీసీ తీసుకుని మడిచి జాకెట్లో పెట్టుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. పిల్ల చిన్నచిన్న అడుగులు వేస్తూ, గేటు దాకా బిగబట్టుకునే నడిచింది.

ఆ శనివారం అప్‌డేట్స్‌లో స్టార్ మా క్లాసుకే ఇచ్చారు. తలుపుకు అంటించమని నా చేతికే ఇచ్చారు. నేను కాగితం మీద సంతకం పెట్టకుండా లేచి, ఆ స్టార్‌ను పట్టుకుని తిన్నగా మెట్ల కిందికి వెళ్ళాను. ముక్కు మూసుకోలేదు. ముక్కలుగా చింపి ఆ గుంటలో పారేశాను. నీళ్ళు పోసి వెళ్ళిపోదామని గొలుసు లాగి మగ్గు అందుకుంటే డ్రమ్ములో నీళ్ళు లేవు.